ఇంజన్ ఆగాక

లారీ ఇంకా సరిగ్గా ఆగనే లేదు, ఓనరు అవతలి తలుపులోంచి దూకి, చుట్టూ తిరిగొచ్చి, డ్రైవరు కాలరు పట్టుకుని కిందికి ఈడ్చేశాడు. ఈడ్చినవాడు అంతటితో ఊరుకున్నాడా? కాలి చెప్పు ఊడబీకి ఎడాపెడా వాయించాడు. డ్రైవరుకి తల సగం నెరిసింది. కొట్టేవాడికి ఆయన పెద్దకొడుకు వయసుంటుందేమో. వెనకాల లారీ ముక్కులోంచి, చెవుల్లోంచి ఆవిరి బుసబుసమని కక్కుతోంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

"కళ్ళు నెత్తికెక్కాయా? వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంటే కనపళ్ళేదా? ఇంజన్ పట్టేస్తే మీ తాతిస్తాడా కొత్తది?"

"ఆపుదామని చెప్పానండీ. మీరే పోనీ, పోనీ అన్నారు..."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది పాపం. నిజం చెప్పినందుకు మరో నాలుగు పడ్డాయి. పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది.

రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులోంచి సమ్మెటక్క బయటికొచ్చింది. గుడ్డతో గ్రీజు తుడుచుకుంటూ వచ్చిందే గాని, ఆ తుడవటం చూస్తే గుడ్డ చిరిగిపోయేలా ఉంది. ఆ రోడ్డున బండి నడిపే ప్రతివాడికీ ఆమె తెలుసు. ఒకప్పుడు షెడ్డులో టైర్లు ఎత్తుకుపోతున్న దొంగను సమ్మెట కామతో ఒక్కటిచ్చింది. దొంగకు జబ్బ ఊడింది, ఆమెకు ఈ పేరు వచ్చింది. ఆ దొంగ ఇప్పటికీ ఇటు రావాల్సొస్తే చుట్టుదారిన పోతాడట. ఆమెకు కోపం రావడానికి కారణం అక్కర్లేదని గిట్టనివాళ్ళు అంటారు. అది అన్యాయం. కారణం ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే కారణం అరిటాకంత ఉంటే కోపం అరటితోటంత ఉంటుంది.

ఆమె కొట్టేవాణ్ణి చూడలేదు, ముందు లారీని చూసింది. కుడివైపు దీపం గుండ్రంగా ఉంది. ఎడమవైపు దీపం పలకగా, వేరే బండిదేదో తెచ్చి అతికించినట్టుంది. ఆ దీపం అలా ఎందుకుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పగలగొట్టింది తనే.

రెండేళ్ళ కిందటి మాట. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది, నాన్న పెట్టింది. ఫ్యాను దగ్గర ఎవరి చెయ్యి ఉంటే బండి తాళం వాళ్ళ పళ్ళ మధ్య ఉండాలి. జేబులో కాదు, బల్ల మీద కాదు, పళ్ళ మధ్యే. జేబులోదైతే ఎవడైనా కొట్టేస్తాడు, నోట్లోది తియ్యాలంటే ముందు నన్ను చంపాలి అనేవాడు నాన్న. ఆ రోజు ఆమె తమ్ముడు తాళం పళ్ళతో కరిచిపట్టుకునే ఈ లారీ ఫ్యానుకి బోల్టు బిగిస్తున్నాడు. ఈ ఓనరే, ఎంతసేపూ ఎంతసేపూ అని కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, పనైపోయిందేమో చూద్దామని క్యాబిన్ ఎక్కి, నడుముకున్న రెండో తాళం తిప్పాడు. ఇలాంటి లారీల్లో ఫ్యాను క్లచ్‌లోకి గాలి వస్తే ఫ్యాను వదులవుతుంది, ట్యాంకులో గాలి లేనప్పుడు ఇంజన్‌కి గట్టిగా పట్టుకునే ఉంటుంది. మొదటి చుట్టుకే తమ్ముడి కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది. రేడియేటర్ రేకు మీద పిడికెడు రక్తం చిమ్మినట్టయింది. ఒక వేలు ఆయిల్ పళ్ళెం కింద దొరికింది, మిగతావి దొరకలేదు.

ఓనరు దిగి చూడను కూడా లేదు. లారీని అలాగే రివర్సులో నడుపుకుంటూ ఉడాయించాడు. ఆమె వెంటపడి సమ్మెట విసిరితే ఎడమ దీపానికి తగిలింది. వాడి నెత్తికి గురిపెట్టింది, కానీ గురి తప్పింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తరవాత పోలీసుల దగ్గర వాడు ఏమన్నాడో తెలుసా? రెండో తాళమే లేదన్నాడు. కుర్రాడే స్టార్ట్ చేసి, దిగొచ్చి, ఫ్యాన్లో చెయ్యి పెట్టుకున్నాడన్నాడు. పళ్ళ మధ్య తాళం సంగతి చెబితే అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్వారు.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ తమ్ముడు ఒకే ఒక్క మాట అన్నాడు. "వాడి చెయ్యి కూడా అందులోనే పెట్టిస్తా." ఆ తరవాత దాని ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెను భయపెట్టింది.

"ఓహో, మళ్ళీ మీ షెడ్డేనా?" అన్నాడు ఓనరు, చెప్పు మళ్ళీ కాలికి తొడుక్కుంటూ. సిగ్గూ శరం ఏ కోశానా లేవు. "ఎలా ఉన్నాడు మీవాడు? చెయ్యి బాగైందా?"

"బాగవడానికి అదేమన్నా పుండా?"

"ఏదోలే, జరిగిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఫ్యాను తిరగట్లేదు, మసిలిపోతోంది. తొందరగా చూడు. సరుకు దింపాలి."

సమ్మెటక్క పక్కనున్న ఇనప పైపు అందుకుంది. చక్రాల నట్లు బిగుసుకుపోతే స్పానర్‌కి తొడిగి తిప్పే పైపు అది, ఆమె మోచేతి నుంచి నేలదాకా ఉంటుంది. ఓనరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా."

తమ్ముడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి చొక్కా జేబులో పెట్టుకోవడం వాడికి అలవాటైపోయింది. "లోపల పెట్టమను. చూద్దాం," అన్నాడు.

"ఏం చూద్దాం? ఈ బండి మన గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

"బండేం చేసిందే?"

అలా అని డ్రైవరు దగ్గరికి వెళ్ళి, ఆయన చేతికి నీళ్ళ చెంబు ఇచ్చాడు. మొహం కడుక్కోమన్నాడు. 

షెడ్డు వెనకే ఇల్లు. ముందుగదిలో అమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చుని పాత దుప్పట్లకు అంచులు వేస్తోంది. సమ్మెటక్క గబగబా లోపలికొచ్చింది.

"అమ్మా, వాడొచ్చాడే. ఆ లారీవాడు. నీ కొడుకు పని చేద్దాం అంటున్నాడు!"

మిషను ఆగింది.  "వాడు చేద్దామంటే చెయ్యండి," అంది అమ్మ.

"నీకర్థం కావట్లేదు. వాడి మనసులో ఏదో ఉంది. ఏదో చేస్తాడు వీడు."

"వాడి మనసు వాడు కుదురు చేసుకున్నాడు. నీకే ఇంకా కుదరలేదు. ఆ పైపు అక్కడ పెట్టి మాట్లాడు, దుప్పటికి గ్రీజు అవుతోంది."

పైపు పెట్టలేదు. కన్నతల్లికి కొడుకు గురించి తెలిసేది సగమే అనుకుంది ఆమె. తను ఆసుపత్రిలో ఆ మాట విన్నది, అమ్మ వినలేదు.

పని మొదలైంది. రెండేళ్ళుగా వాళ్ళ పని ఒకటే తీరు. ఆలోచన తమ్ముడిది, చేతులు అక్కవి. వాడు పక్కన నిలబడి చెబుతాడు, ఆమె విప్పుతుంది, బిగిస్తుంది. ఆమెకు ఓపిక తక్కువ, వాడికి ఎక్కువ. ఆమె ఒక్కతే అయితే కొన్ని బళ్ళు బాగయ్యేవి, కొన్ని ముక్కలయ్యేవి.

పాతకాలపు ముక్కు లారీ అది. బానెట్ రెండు పక్కలా రెక్కల్లా తెరుచుకుంటుంది. ముందు బ్యాటరీ తీగ విప్పింది. నాన్న పద్ధతి పోయి, ఇప్పుడు షెడ్డులో ఇదే పద్ధతి. ఇంజన్ చల్లారేదాకా కూర్చుని, ఫ్యాను రెక్క పట్టుకుని తిప్పింది. అది వదులుగా, గిర్రున తిరిగింది.

"ఇంజన్ ఆపి ఇంతసేపైంది. క్లచ్ గాలి వదిలేసి, ఫ్యాను బిగుసుకోవాలి కదా," అన్నాడు తమ్ముడు. "క్లచ్ దగ్గర గాలి పైపు విప్పు."

ఆమె నట్టు వదులు చెయ్యగానే ఫస్సుమని గాలి మొహాన కొట్టింది. ఆ గాలి ఎప్పుడో పోవాల్సింది, లోపలే చిక్కుకుపోయి ఉంది. మళ్ళీ రెక్క పట్టుకుంటే ఈసారి కదల్లేదు. రెండు చేతులూ వేసి ఊపినా కదల్లేదు.

"క్లచ్ బాగానే ఉంది. గాలి వదలాల్సిన వాల్వు వదలట్లేదు. అందుకే ఎంత వేడెక్కినా ఫ్యాను పట్టుకోవట్లేదు."

ఈలోగా ఓనరు బల్లమీద కూర్చుని టీ తెప్పించుకున్నాడు. డ్రైవరు గ్లాసు అందిస్తుంటే టీ తొణికి రెండు చుక్కలు వాడి ప్యాంటు మీద పడ్డాయి. అంతే, గ్లాసు లాక్కుని వేడి టీ మొహాన కొట్టి, గ్లాసు కూడా విసిరాడు. అది డ్రైవరు కనుబొమ్మకు తగిలి పగిలింది. ఆయన మొహం పట్టుకుని కింద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం, టీ కలిసి కారాయి.

సమ్మెటక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న స్పానర్‌తో సహా ఒక్క ఉరుకు ఉరికింది. తమ్ముడు అడ్డం పడ్డాడు, ఛాతీతో ఆమెను వెనక్కి నెట్టాడు.

"వాల్వు విప్పు అక్కా."

"వాణ్ణి చూశావా నువ్వు? మనిషేనా వాడు?"

"చూశాను. వాల్వు విప్పు."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు ధైర్యంగా ఉండేది. మెత్తగా, ఎప్పట్నించో అనుకుని పెట్టుకున్న పనిని ఒక్కొక్కటే చేసుకుపోతున్నవాడిలా ఉన్నాడు.  వీడు దేనికో సిద్ధపడ్డాడు అనుకుంది.

నిజం చెప్పాలంటే ఓనరు చెయ్యి తెగితే ఆమెకు బాధ లేదు. తలే తెగినా బాధ లేదు. పోయిన రెండేళ్ళలో ఆ చెయ్యి తెగడం ఆమె కళ్ళారా చూసినన్ని సార్లు ఎవరూ సినిమా కూడా చూసి ఉండరు. వంట చేస్తూ చూసేది, బోల్టు బిగిస్తూ చూసేది, ఒక్కోసారి నవ్వుకునేది కూడా. కానీ ఆ పని తమ్ముడి చేత్తో జరగకూడదు. వాడు జైలుకి పోకూడదు. వేళ్ళు పోగొట్టుకున్నవాడు బతుకు కూడా పోగొట్టుకోకూడదు. ఆ పూట ఆమెకు కావాల్సింది అదొక్కటే.

వాల్వు విప్పి చూస్తే గాలి బయటికి పోయే చిన్న కన్నంలో కుమ్మరి పురుగు గూడు కట్టింది. మట్టి ఎండి రాయైపోయింది. ఇంత లారీని మరిగించి, ఒక మనిషిని ఇంతగా తన్నించింది శెనగగింజంత మట్టి! సన్నతీగతో పొడిచి, ఊది, మళ్ళీ పొడిచి శుభ్రం చేసింది. వాల్వు బిగించి, గాలి పైపు కలిపి, బ్యాటరీ తీగ తగిలించింది.

"ఇప్పుడు నడిపి చూడాలి. నేను క్యాబిన్లో కూర్చుంటా," అన్నాడు తమ్ముడు.

రెండేళ్ళుగా వాడు ఏ లారీ క్యాబినూ ఎక్కలేదు. ఆమె వాడి మొహంలోకి చూసింది. వాడు చిన్నగా నవ్వాడు.

"నేను కూర్చుంటాలే," అంది.

"నువ్వు కూర్చుంటే వాల్వు దగ్గర చెవి పెట్టి ఎవరు వింటారు? ఇంజన్ చప్పుడులో నీ మాట నాకు వినపడదు. చెయ్యి పైకెత్తు, లోపల ఫ్యాను స్విచ్చి వేస్తా. దించు, తీసేస్తా."

స్విచ్చి వేస్తే ఇంజన్ చల్లగా ఉన్నా సరే, వాల్వు గాలి వదిలేస్తుంది, ఫ్యాను ఒక్కసారిగా పట్టుకుంటుంది. వాల్వు బాగైందో లేదో తెలుసుకునే దారి అదే. కాదనడానికి ఆమెకు సాకు దొరకలేదు. వాడు ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంచాడు. ఆమె ఇనప పైపు తెచ్చి మడ్‌గార్డుకి ఆనించి పెట్టుకుంది. ఎందుకో తనకే తెలీదు, చేతికి అందేలా ఉండాలనిపించింది.

ఇంజన్ స్టార్టయింది. వాల్వు విప్పినప్పుడు పోయిన గాలి ట్యాంకుల్లో ఇంకా నిండలేదు కనక ఫ్యాను ఇంజన్‌తో పాటే లేచి, షెడ్డు రేకులు దడదడలాడేలా కొట్టింది. అమ్మ కుట్టుమిషను దగ్గర గుడ్డముక్కలు కూడా ఎగిరి ఉంటాయి. గాలి నిండే కొద్దీ క్లచ్ ఫ్యానును వదిలేసింది. రెక్కలు నెమ్మదించి, నెమ్మదించి, ఏదో ఊరికే తిరుగుతున్నట్టు మిగిలాయి. అదే కావాలి. ఆమె వంగి వాల్వు దగ్గర చెవి పెట్టింది.

"చూశావా! ఆగిపోయింది! ఇదే రోగం!" ఓనరు బల్ల మీంచి లేచి ఉరికొచ్చాడు.

"రోగం కాదు! చల్లగా ఉన్నప్పుడు ఆగాల్సిందే! వెనక్కి జరుగు!"

"ఇంతసేపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, ఇప్పుడు నాకు కథలు చెబుతావా? నాకు తెలీదనుకున్నావా? ముల్లు ఇంకా లేవనే లేదు, ఇది కొరుకుతుందా నన్ను?"

అంటూనే ఆమె పక్కనుంచి మోచెయ్యి దాకా లోపలికి తోసి, ఊగుతున్న రెక్కను అరచేత్తో ఆపేశాడు. "ఇదిగో! చేత్తో ఆపితే ఆగుతోంది! ఇదొక ఫ్యాను, మీరొక మెకానిక్కులు!"

"తియ్యి చెయ్యి!" అని అరిచింది ఆమె. గొంతు ఇంజన్ చప్పుడులో కొట్టుకుపోయింది. ఓనరుకి కనపడాలని చెయ్యి పైకెత్తి ఊపింది. వాడు పళ్ళికిలించాడు గాని, చెయ్యి తియ్యలేదు.

ఆమె క్యాబిన్ వైపు చూసింది.

తమ్ముడు ఆమె ఎత్తిన చేతిని చూస్తున్నాడు. తరవాత ఓనరు చేతిని చూశాడు. మొహంలో ఏమీ లేదు, కోపం గాని, భయం గాని, ఏమీ. వాడి ఎడంచెయ్యి ముందుకు కదిలింది. స్విచ్చీ, తాళమూ అక్కడ జానెడు ఎడంలో ఉంటాయి. ఆమె నిలబడ్డ చోటు నుంచి ముంజెయ్యి కదలడం ఒక్కటే కనపడింది.

వేసేస్తున్నాడు. ఇక అయిపోయింది అనుకుంది. పైపు చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. రెండు చేతులా ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఓనరు భుజానికి మోచేతికీ మధ్య కొట్టింది.

ఎముక ఫటుక్కుమన్న చప్పుడు షెడ్డంతా వినపడింది. వాడు వెనక్కి పడి, నేల మీద పొర్లి, పెద్దగా కేకలు పెట్టాడు. చెయ్యి మధ్యలో ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగిపోయింది. ఫ్యాను కదల్లేదు. ఒక్క రెక్క కూడా కదల్లేదు.

ఓనరు ఏడుస్తూనే, రెండో చేతికి దొరికిన స్పానర్ విసిరాడు. అది ఆమె భుజానికి తగిలింది. లేచి మీదికి రాబోతే డ్రైవరు వెనకనుంచి వాటేసుకుని కింద కూలేశాడు. "చాలండీ! ఇక చాలండీ!" అని అరుస్తున్నాడు ఆయన, కనుబొమ్మ మీంచి రక్తం ఓనరు నెత్తి మీదికి కారుతుండగా. ఓనరు కాళ్ళతో తన్నాడు, కొరికాడు, డ్రైవరు వదల్లేదు. పొద్దున్నుంచీ తిన్న దెబ్బలకు బదులు తీరుస్తున్నాడో, నిజంగా ఆపుతున్నాడో చెప్పడం కష్టం.

తమ్ముడు దిగొచ్చాడు. 

"ఎందుకు కొట్టావు?"

"నువ్వు..." ఆమె పైపు కింద పడేసింది. "నువ్వు స్విచ్చి వేస్తున్నావనుకున్నా."

"నేనా?" అన్నాడు వాడు. "నువ్వే చెయ్యెత్తావు. వాడి చెయ్యి లోపల ఉండగా వెయ్యమంటున్నావనుకున్నా. నా చేత చేయిద్దామనుకుంటున్నావని... అందుకే ఇంజన్ ఆపేశా."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిని, ఇన్నేళ్ళు కలిసి పని చేసి, ఒకరినొకరు హంతకులనుకున్నారు. ఆమెకు సిగ్గేసింది. వాడికి సంజాయిషీ చెప్పుకోవాలని ఎంతో అనిపించింది. అది నా తప్పు, నిన్నలా అనుకోవడం నా తప్పు అని. అంతలో గుమ్మం వైపు చూపు పోయింది. గుమ్మంలో అమ్మ ఒక చేత్తో దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో.

ఓనరు ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. వచ్చినాయన పెద్దవయసువాడు, తొందర లేని మనిషి. ఓనరును బల్ల మీద పడుకోబెట్టించి, వాడి చేతికి రెండు కర్రలు పెట్టి అమ్మ దుప్పటి అంచు చింపి కట్టించాడు. తరవాత సమ్మెటక్క వైపు తిరిగాడు.

"ఎందుకు కొట్టావమ్మా?"

"ఫ్యాన్లో చెయ్యి పెట్టాడు. తియ్యమంటే తియ్యలేదు. చెయ్యి పోతుందని కొట్టాను."

పోలీసాయన తలూపి డ్రైవరును అడిగాడు. "నిజమేనా? ఫ్యాను తిరుగుతోందా అప్పుడు?"

డ్రైవరు అబద్ధం ఆడడం చేతకాని మనిషి. ఆడడం వచ్చుంటే పొద్దున అన్ని దెబ్బలు తినేవాడే కాదు. "లేదండీ. ఊరికే ఊగుతోందండీ. ఇంజన్ చల్లగానే ఉంది. లోపల స్విచ్చి వేస్తే తప్ప అది పట్టుకోదండీ."

"స్విచ్చి దగ్గర ఎవరున్నారు?"

డ్రైవరుకి తను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది. తల దించుకున్నాడు.

బల్ల మీంచి ఓనరు అరిచాడు. "వాడే! ఆ మొండిచెయ్యివాడే కూర్చున్నాడు! ఇద్దరూ కలిసి పథకం వేశారు! ఇది చెయ్యి ఎత్తి సైగ చేసింది, నా కళ్ళతో చూశాను! వాడు స్విచ్చి వేస్తే ముక్కలై పోయేవాణ్ణి!"

పోలీసాయన మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు. చొక్కా జేబులో ఉన్న చేతిని చూశాడు.

"అది ఎవరివల్ల పోయింది?"

"ఆయన వల్లే," అన్నాడు తమ్ముడు.

"సైగ చేసిందా ఆమె?"

"చేసింది."

"స్విచ్చి వేశావా?"

తమ్ముడు నోరు తెరిచేలోగా సమ్మెటక్క ముందుకొచ్చింది. ఎవరి తరఫున ఎవరు ఏం చెప్పినా ఆ మాటలన్నీ వాడి మెడకే చుట్టుకునేలా ఉన్నాయి. చెయ్యి కాపాడటానికి కొట్టాను అంటే, ఎవరి నుంచి కాపాడావు అంటారు. దానికి జవాబు ఒకటే ఉంది, ఆ జవాబు వాడే.

"వాడు స్విచ్చి జోలికే పోలేదు. ఇంజన్ ఆపేశాడు," అంది. "ఇంజన్ ఆగింది నేను విన్నాను. పైపు ఇంకా నా తల మీదే ఉంది. విన్నాను, విన్నాక కూడా కొట్టాను."

"విన్నాకా?"

"విన్నాకే. ఎముక విరిగిన చప్పుడు వీళ్ళందరూ విన్నారు, అడగండి. ఇంజన్ నడుస్తుంటే ఆ చప్పుడు వినపడేదా?"

పోలీసాయన డ్రైవరును చూశాడు. డ్రైవరు అవునని తలూపాడు.

"అయితే చెయ్యి కాపాడటానికి కాదు."

"కాదు. రెండేళ్ళ నుంచీ కొడదామనే ఉంది. ఇవాళ కొట్టాను."

తమ్ముణ్ణి తప్పించడానికి మొదలుపెట్టిన మాట. చెబుతూ చెబుతూ ఉండగానే అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదని ఆమెకు తెలిసింది. ఇంజన్ ఆగాక వచ్చిన ఆ రెండు క్షణాల నిశ్శబ్దం ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఆపుకోవడానికి అది చాలు. ఆమె ఆపుకోలేదు, ఆపుకోవాలని అనిపించను కూడా లేదు.

అమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది.

జీపు దగ్గరికి తీసుకెళ్తుంటే తమ్ముడు వెనకే వచ్చాడు. పోలీసాయన తలుపు తీసి, ఎందుకో కాస్త పక్కకు జరిగాడు.

"అక్కా, నిజంగా విన్నావా? నాకోసం చెప్పావా?"

అబద్ధం చెబితే వాడికి కొంచెం తేలికగా ఉండేదేమో. "విన్నాను రా," అంది.

 వాడు కుడిచెయ్యి జేబులోంచి తీసి, దాన్ని చూసుకుని, ఆమె రెండు చేతుల వైపూ చూశాడు. గ్రీజుతో నల్లగా, పైపు రాపిడికి అరచేతులు చిట్లి ఉన్నాయి.

"వాడు నా చెయ్యి తీసుకుపోయాడని ఏడవడం ఎప్పుడో మానేశాను. నీ చేతులున్నాయిగా అనుకున్నాను. రేపట్నించి నేను చెబితే ఎవరు విప్పుతారు, ఎవరు బిగిస్తారు?" వాడి గొంతు అప్పుడు పగిలింది, అన్ని గంటల్లో మొదటిసారి. "ఇవి కూడా వాడికే ఇచ్చేశావు కదక్కా."

ఆమె జీపెక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.